కొలతల పుస్తకంలో డివిజన్: కార్పొరేటర్‌గా నా అనుభవం

నామినేషన్ వేసే ముందు రాత్రి పదకొండింటికి కూడా నేను హుక్కులు కుడుతూనే ఉన్నాను. పెళ్లివాళ్ల జాకెట్లు పన్నెండు. తెల్లారితే 2020 మార్చి 13, కార్పొరేషన్ ఎన్నికల నామినేషన్లకు ఆఖరి రోజు. నాకు మాత్రం తెల్లారితే పెళ్లికూతురి అమ్మ వస్తుంది, ఆవిడకేం చెప్పాలా అన్నదే టెన్షన్.

మాది విజయవాడ సింగ్‌నగర్ వైపు. డాబాకొట్ల సెంటర్ నుంచి లోపలికొస్తే కింద కుట్టు షాపు, పైన ఇల్లు. డివిజన్ (అంటే కార్పొరేషన్ వార్డు) నంబరు, పార్టీ పేరు ఇక్కడ చెప్పను. చెబితే చదివేవాళ్లలో సగం మంది అక్కడే ఆగి వాదన మొదలుపెడతారు.

మా ఆయన పద్దెనిమిదేళ్లు పార్టీ జెండా మోశారు. మాటవరసకు మోయడం కాదు. ఫ్లెక్సీలు కట్టే నిచ్చెన మాది, మీటింగులకు ఆటోలు మాట్లాడేది ఆయన, పోలింగ్ రోజు కుర్రాళ్లకు పులిహోర వండేది నేను. ఈసారి టికెట్ ఆయనదేనని వీధంతా అనుకున్నారు. తీరా రిజర్వేషన్లు వచ్చేసరికి మా డివిజన్ జనరల్ మహిళ అయింది. సగం సీట్లు ఆడవాళ్లవే కాబట్టి అందులో వింతేం లేదు. ఆయన ఇంటికొచ్చి చెంబెడు మంచినీళ్లు తాగి, కాసేపు గోడకేసి చూసి, "నీ ఆధార్ కార్డు ఎక్కడ పెట్టావు?" అన్నారు. నేను రాజకీయాల్లోకి వచ్చిన వైనం ఇంతే.

నామినేషన్ అంటే పూలదండలు, డప్పులు అనుకుంటారు. అసలు పని కాగితాలది. ఇంటిపన్ను బకాయి లేదని రసీదు కావాలి. ప్రతిపాదించేవాళ్లు మన డివిజన్ ఓటరై ఉండాలి. కేసులు, చదువు, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో రాయాలి. ఆస్తుల దగ్గర నేను రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషన్ అని చెబితే లాయరుగారు పెన్ను ఆపి నవ్వారు. "అవి కూడానా అమ్మా?" అన్నారు. నాకున్నవి అవే కదండీ అన్నాను. మెడలో గొలుసు, రెండు గాజులు కూడా రాశాం. ఆ గాజుల సంగతి తర్వాత చెబుతాను.

ఎంతమంది పిల్లలో కూడా చెప్పాలి. అప్పట్లో ఇద్దరికి మించి సంతానం ఉంటే పోటీకి అనర్హులు. ఆ నిబంధనను 2024లో ఎత్తేశారు. మా వెనక వీధిలో ఒకావిడ ఉంది. రేషన్ కార్డు దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా ఎవరికేం కావాలన్నా ముందు నడిచే మనిషి. ముగ్గురు పిల్లలని ఆగిపోయింది. ఆవిడ నిలబడి ఉంటే నేను గెలిచేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటాను.

పద్నాలుగున పరిశీలన అయిపోయింది. పదిహేనున ఆదివారం, కరోనా వల్ల ఎన్నికలు ఆరు వారాలు వాయిదా అని టీవీలో చెప్పారు. ఆ ఆరు వారాలు ఏడాది అయ్యాయి.

ఆ ఏడాది మా బతుకు విచిత్రంగా గడిచింది. మా డివిజన్‌లో ఒకే పార్టీ పేరు మీద ముగ్గురం నామినేషన్ వేశాం. ఎవరు అసలు అభ్యర్థో తేల్చేది పార్టీ ఇచ్చే బి-ఫాం కాగితం. దాన్ని ఉపసంహరణ గడువు ముగిసేలోపు అధికారికి ఇవ్వాలి. ఆ గడువే రాకుండా ఎన్నిక ఆగింది. అంటే ముగ్గురమూ అభ్యర్థులమే, ముగ్గురమూ కాదు. ఒకావిడ కోడిగుడ్లు పంచింది, ఇంకొకావిడ కూరగాయలు పంచింది. నా దగ్గర గుడ్లు కొనే డబ్బు లేదు. షాపులో లైనింగు ముక్కలు బస్తాల కొద్దీ ఉన్నాయి. వాటితో మాస్కులు కుట్టడం మొదలుపెట్టాను. మొదట్లో చెవికి పెట్టే ఎలాస్టిక్ దొరక్క లంగా బొందుల నాడాతో కట్టుకునేలా కుట్టేదాన్ని. వీధి వీధికీ తిరిగి ఇచ్చేటప్పుడు జనం పేరు అడిగేవాళ్లు కాదు. "జాకెట్ల ఆవిడ" అనేవాళ్లు. రాజకీయంగా నాకొచ్చిన మొదటి గుర్తింపు అది.

2021లో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలన్నారు. మార్చి 2, 3 తేదీల్లో ఉపసంహరణలు, మూడో తారీఖు మధ్యాహ్నం మూడింటితో ఆఖరు. ఆ రోజు రెండింపావు దాకా బి-ఫాం ఎవరిదో తెలియదు. మా ఆయన ఎవరి ఇంటి ముందు కూర్చున్నారో, ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. రెండున్నరకు బండి మీద వచ్చి కవరు చేతిలో పెట్టారు. దాని మీద చెమట మరకలున్నాయి.

ప్రచారానికి మిగిలింది వారం లోపే. పొద్దున ఆరింటికి బయల్దేరితే రాత్రి పదికి ఇల్లు. హారతి పళ్లేల్లో వేసే నోట్ల దగ్గర్నుంచి కుర్రాళ్ల బిర్యానీ దాకా అన్నింటికీ డబ్బే. ఎన్నికల అధికారికి ఇచ్చే ఖర్చుల పుస్తకం వేరు, మా బీరువాలో తాకట్టు చీటీ వేరు. అఫిడవిట్‌లో రాసిన గాజులు ఆ వారంలోనే పోయాయి. అంతకుమించి ఇక్కడ రాయలేను. పోటీ చేసినవాళ్లకు రాయకుండానే తెలుసు.

పోలింగ్ మార్చి 10న. బ్యాలెట్ పెట్టెలే, మిషన్లు కావు. కౌంటింగ్ 14న లయోలా కాలేజీలో. అక్కడ చూసింది మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. పెట్టె తీసి కాగితాలు బల్ల మీద గుమ్మరించారు. మడతలు విప్పి, పాతిక పాతిక చొప్పున కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేశారు. అప్పటికి ఏ ఓటు ఎవరిదో లెక్క లేదు, ఉత్త కట్టలే. ఆ తర్వాతే ఒక్కో కాగితం చూసి ఎవరి అరలో వాళ్లవి వేస్తారు. నేను గుడ్డ లెక్కపెట్టే అలవాటుతో కట్టల ఎత్తు చూసి అంచనా వేస్తున్నాను. ఒక బ్యాలెట్ మీద అందరి గుర్తుల మీదా ముద్ర ఉంది, ఎవరినీ నొప్పించని మనిషి కాబోలు. ఇంకో దాని మీద ముద్రకు బదులు వేలిముద్ర. మరొకటి సరిగ్గా నా గుర్తుకీ పక్క గుర్తుకీ మధ్య గీత మీద. దాని గురించి పది నిమిషాలు గొడవ, చివరికి చెల్లదన్నారు. నేను గెలిచింది మూడు వందల పైచిలుకుతో. ఇంటికొచ్చాక అందరూ వెళ్లిపోయిన తర్వాత మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న: "జీతం ఎంతిస్తారే?"

జీతం కాదత్తయ్యా, గౌరవ వేతనం అన్నాను. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ అని తర్వాత నెలలో తెలిసింది. బండి పెట్రోలుకు కూడా చాలలేదు.

మార్చి 18న ప్రమాణ స్వీకారం. ఇక్కడొక సంగతి. ఎన్నికయ్యింది నేనైనా ఆ నాలుగు రోజుల్లో వచ్చిన ఫోన్లన్నీ మా ఆయనకే. దండలు కూడా ముందు ఆయన మెడలోనే పడ్డాయి. "కార్పొరేటర్ గారూ" అని పిలిస్తే ఇద్దరం తిరిగి చూసేవాళ్లం. ఆ రోజు కెనాల్ రోడ్డులో కార్పొరేషన్ ఆఫీసుకు ఇద్దరం కలిసే వెళ్లాం. కౌన్సిల్ హాలు గుమ్మం దగ్గర మాత్రం ఆయన్ని ఆపేశారు. సభ్యులకే ప్రవేశం. నేను లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. బయట వరండాలో నాలాంటి వాళ్ల భర్తలు వరసగా నిలబడి ఉన్నారు, ప్రసవం వార్డు బయట నిలబడ్డట్టు.

హాల్లో 64 మందిమి. అప్పటి అధికార పార్టీకి 49, అప్పటి ప్రతిపక్షానికి 14, సీపీఎంకు ఒకటి. మేయర్ పదవి మహిళకు రిజర్వు అయింది, రాయన భాగ్యలక్ష్మి గారు మేయరయ్యారు. ఆ ఎన్నికలో రహస్య ఓటు ఉండదు, చేతులెత్తాలి. ఎవరికి చెయ్యెత్తాలో పార్టీ ఆదేశం, అంటే విప్ ఇస్తారు, దాన్ని కాదంటే సభ్యత్వమే పోతుంది. కాబట్టి ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. అయినా నా చెయ్యి ఎత్తాల్సి వచ్చినప్పుడు భుజం వణికింది. మా స్కూల్ రోజుల తర్వాత నలుగురిలో చెయ్యెత్తింది అప్పుడే.

విజయవాడ మున్సిపాలిటీ 1888లో ఏర్పడింది, కార్పొరేషన్ అయింది 1981లో. మొదటి మేయరు సీపీఐ నుంచి టి. వెంకటేశ్వరరావు గారు. ఆయన పేరు మా నాన్న నోట వినేదాన్ని. 2000లో పంచుమర్తి అనూరాధ గారు 26 ఏళ్లకే మేయరైనప్పుడు నాకు ఇరవై దాటాయి, కుట్టు నేర్చుకుంటున్నాను. ఆవిడ ఫొటో పేపర్లో చూసి చీర కట్టు బాగుందనుకున్నాను తప్ప, ఆ హాల్లో నేనూ కూర్చుంటానని అనుకోలేదు. ఇంకో విచిత్రం, మన బెజవాడ కార్పొరేషన్ నడిచే నిబంధనల్లో చాలావరకు హైదరాబాద్ కోసం 1955లో చేసిన చట్టంలోవి. ఆ పుస్తకం ఒకటి తెచ్చుకుని రాత్రుళ్లు చదివేదాన్ని. పది పేజీలు దాటితే నిద్ర పట్టేది. నిద్ర పట్టనివాళ్లకు మంచి మందు.

మొదటి మూడు నెలలు నేను చేసిన పని ఒక్కటే, మా ఆయన వెనక నడవడం. ఎవరైనా కాలువ గురించి చెబితే ఆయన ఫోన్ చేసేవారు, నేను పక్కన నిలబడి తల ఊపేదాన్ని. ఒకరోజు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఫోన్ చేసి "సార్, మీ డివిజన్‌లో ఫలానా వీధి పైపు లీకేజీ..." అంటుంటే ఆయన స్నానంలో ఉన్నారు, నేను ఎత్తాను. "నేనేనండీ కార్పొరేటర్‌ని, చెప్పండి" అన్నాను. అవతల రెండు క్షణాలు మాట లేదు. తర్వాత "అలాగే మేడమ్, సార్‌కి మళ్లీ చేస్తాను" అన్నారు. నిజానికి అందులో ఆయన తప్పేముంది? మా ఇంట్లోనే ఆ అలవాటు ఉంది. ఆ రోజే కొత్త సిమ్ తీసుకున్నాను. షాపు బోర్డు మీద ఆ నంబరు రాయించి కింద "కార్పొరేటర్ నంబరు ఇదే" అని వేయించాను. మా ఆయన వారం రోజులు సరిగా మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్ల కష్టం ఆయనది, అది నేను కాదనను. కానీ పెయింటు ఆరిపోయింది.

ఫిర్యాదులు ఎక్కువయ్యాక రాసుకోవడానికి వేరే పుస్తకం కొనలేదు. నా దగ్గర కొలతల పుస్తకాలుంటాయి, పొడుగాటి అట్ట పుస్తకాలు. ఎడమ పేజీలో చాతీ, నడుము, చేతి పొడుగు. కుడి పేజీ ఖాళీ. ఎవరి కొలతలు ఎదురుగా ఉంటే ఆ కుడి పేజీలో వాళ్ల ఇంటి ఫిర్యాదు రాసేదాన్ని. "34, 28, చెయ్యి 9. కుళాయి రావట్లేదు, మూడు రోజులు." "38, 36. కరెంటు స్తంభం ఒరిగింది." డివిజన్‌లో సగం ఇళ్ల ఆడవాళ్లు నా దగ్గర కుట్టించుకున్నవాళ్లే. మనిషి కొలత గుర్తొస్తే ఇల్లు గుర్తొచ్చేది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మా డివిజన్ చివర ఒక వీధి ఉంది. అక్కడ కుళాయికి నీళ్లు పావుగంట కూడా రావు, అవీ సన్నగా. ఏళ్ల తరబడి ఇదే. ఫోన్ చేస్తే "ప్రెషర్ లేదమ్మా" అనేవాళ్లు. ఒకరోజు తెల్లవారుజామున ఐదుకు లేచి, వాల్వు తిప్పే ఫిట్టర్ వెనక నడిచాను. ఆయనకు యాభై దాటాయి, భుజాన పొడుగాటి ఇనుప రాడ్డు, దాని పైన అడ్డ పిడి. రోడ్డు మధ్య మూత తీసి, రాడ్డు గుంటలోకి దించి తిప్పుతుంటే పెదాలు కదులుతున్నాయి. మంత్రం చదువుతున్నాడేమో అనుకున్నాను. చుట్లు లెక్కపెడుతున్నాడు. "ఇక్కడ పద్నాలుగు, అక్కడ తొమ్మిది తిప్పాలమ్మా. ఇక్కడ ఇంకో చుట్టు పెంచితే ఆ చివరోళ్లకి చుక్క రాదు. తగ్గిస్తే వీళ్లు నా మీదకొస్తారు." ఇది ఏ ఆఫీసులో ఏ కాగితం మీదా లేదు. ఈయన నోట్లోనే ఉంది. ఈయన సెలవు పెట్టిన రోజున వచ్చే కుర్రాడికి తెలియదు, ఆ రోజు ఏదో వీధి ఎండుతుంది. నేను కొలతల పుస్తకంలో రాసుకున్నాను, ఏ వాల్వుకు ఎన్ని చుట్లో. నా చేతిరాతలో అది కూడా జాకెట్ కొలతలాగే ఉంది.

"చుట్లు సరే అన్నా, మరి ఎందుకు రావట్లేదు?" అన్నాను. ఆయన నా మొహం చూసి, చెప్పాలా వద్దా అని ఆగి, "మోటార్లమ్మా" అన్నాడు. కుళాయి గొట్టానికే నేరుగా మోటారు తగిలించి లాగేస్తున్నారు. ముందిళ్లు లాగితే చివరి ఇళ్లకు గాలి తప్ప నీళ్లు రావు. "ఎవరెవరి ఇళ్లల్లో ఉన్నాయో చెప్పు, నేను మాట్లాడతా" అన్నాను. ఆయన మెల్లగా రాడ్డు భుజాన వేసుకుని, "మొదట మీ ఇంట్లోనే ఉందమ్మా" అన్నాడు.

నిజమే. మెట్ల కింద డబ్బాలో ఉంది. పైన ట్యాంకుకి ఎక్కట్లేదని మా ఆయన ఎప్పుడో పెట్టించారు. పొద్దున్నే గుర్రుమని శబ్దం వస్తుంటే నేను కింద సంపులోంచి ఎక్కుతోందనుకున్నాను. అనుకున్నానో, తెలియనట్టు ఊరుకున్నానో, ఇప్పుడు చెప్పలేను. ఆ రోజే తీయించి షాపు గుమ్మం ముందు పెట్టాను, అందరికీ కనిపించేలా. ఆ తర్వాత వీధిలో అడిగే మొహం వచ్చింది. పదకొండు ఇళ్లలో ఏడిళ్లు తీసేశారు. నాలుగిళ్లవాళ్లతో నేటికీ మాటల్లేవు. చివరి వీధికి ఇప్పుడు నలభై నిమిషాలు వస్తాయి.

ఇంకా రిబ్బన్ కత్తిరించే పనుల గురించి అడుగుతారు. సైడు కాలువ ఒకటి కట్టించడానికి నాకు రెండేళ్లు పట్టింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ముందు నేను అర్జీ ఇవ్వాలి. ఏఈ వచ్చి కొలుస్తారు, ఎస్టిమేట్ వేస్తారు. అది ఆయన పై ఇంజనీర్లు డీఈ, ఈఈ మీదుగా పైకి వెళుతుంది. మొత్తాన్ని బట్టి కమిషనర్ స్థాయిలోనా, స్టాండింగ్ కమిటీకా, కౌన్సిల్ అజెండాలోకా అన్నది తేలుతుంది. ఆమోదమయ్యాక టెండరు. మా కాలువకు మొదటిసారి పిలిస్తే ఒక్కరూ వేయలేదు. సందు ఇరుకు, లారీ రాదు, మట్టి చేతుల మీద మోయాలి, గిట్టదన్నారు. రెండోసారికి ఒక కాంట్రాక్టరు వచ్చి, సగం తవ్వి, పండక్కి ఊరెళ్లి నెలన్నర రాలేదు. ఆ నెలన్నరా జనం చెక్కల మీద నడిచి ఇళ్లలోకి వెళ్లారు. ఒక పెద్దావిడ పడి మోచెయ్యి విరిగింది. ఆవిడ కొడుకు షాపుకొచ్చి నన్ను అన్న మాటలు పుస్తకంలో రాయలేదు, గుర్తున్నాయి.

ఎవరి చేతిలో ఏముందో జనానికి చెప్పడం చాలా కష్టం. పింఛను వలంటీరు ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికి తెచ్చేవారు, 2024 జూలై నుంచి సచివాలయం వాళ్లు ఇస్తున్నారు. సర్టిఫికెట్లకు వార్డు సచివాలయం. ఇళ్ల స్థలాలు, రోడ్ల నిధులు అంటే ఎమ్మెల్యే. ఇక కార్పొరేటర్ దగ్గర ఉండేదేంటి? కాలువ, కుళాయి, వీధి దీపం, చెత్త, కుక్కలు. అవి కూడా మన చేతిలో ఉండవు, చేసేవాళ్లను పట్టుకోవడమే మన చేతిలో ఉంటుంది. శానిటరీ మేస్త్రి పిల్లాడు ఏం చదువుతున్నాడో, లైన్‌మన్ ఏ షిఫ్టో, పొక్లెయిన్ ఈ రోజు ఏ డివిజన్‌లో ఉందో తెలిసిన కార్పొరేటర్‌కి పనులవుతాయి. హాల్లో మైకు పట్టుకుని అరిచిన వాళ్లకు పేపర్లో ఫొటో వస్తుంది. నేను రెండూ చేశాను. ఫొటో వచ్చిన రోజు ఇంట్లో సంబరం, వీధిలో మాత్రం ఎవరూ దాని గురించి ఒక్క ముక్క అడగలేదు.

కౌన్సిల్ హాల్లో నా మొదటి ప్రశ్న అడగడానికే ఏడు నెలలు పట్టింది. కాగితం మీద రాసుకుని వెళితే, నా వంతు వచ్చేసరికి అటువైపు, ఇటువైపు లేచి కేకలు, పోడియం దగ్గరికి వెళ్లడం, సభ కాసేపు వాయిదా. బయటికొచ్చి అందరూ కలిసి టీ తాగేవాళ్లం. ఇందాక ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లు "వదినా, అబ్బాయి పెళ్లి సంబంధం ఏమైంది?" అని మాట్లాడుకునేవాళ్లు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైంది.

2021 అక్టోబరులో చెత్త సేకరణకు ఇంటికి నెలకు 120 రూపాయల చార్జీ వచ్చినప్పుడు మాత్రం ఎక్కడికి వెళ్లినా అదే మాట. మురికివాడల్లో 60. "చెత్త మాదే, డబ్బు కూడా మేమే ఇవ్వాలా?" అనేవాళ్లు. పార్టీ ఏదైనా సరే, ఇంటింటికీ తిరిగేవాళ్లందరం అవే మాటలు తిన్నాం. 2024లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేశాక ఎవరూ పిలిచి ఆ సంగతి మాట్లాడలేదు.

2024 ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారి నాలుగున్నరకు ఫోన్. చివరి వీధి నుంచి. "అక్కా, కాలువ నీళ్లు వెనక్కి వస్తున్నాయి." టార్చి పట్టుకుని వెళ్లాను. రెండేళ్లు తిరిగి కట్టించిన కాలువ చెప్పాను కదా, దాంట్లోంచే. బుడమేరు వాగులోకి వెళ్లాల్సిన నీళ్లు, బుడమేరు నిండి, అదే దారిన ఇళ్లలోకి వస్తున్నాయి. నల్లగా, చప్పుడు లేకుండా, చెప్పులు తేలుతూ. పొద్దున్న ఏడింటికి మోకాళ్లు, పదింటికి నడుము, మధ్యాహ్నానికి మా షాపు షట్టర్ సగం దాకా. 2005లో వచ్చిన వరద పెద్దవాళ్లకు గుర్తుంది, అందుకే మొదట్లో ఎవరూ బెదరలేదు, "ఒక రోజులో తీస్తుందిలే" అన్నారు. బుడమేరు నీళ్లను మళ్లించే డైవర్షన్ చానల్‌కు గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. వాటిని సైన్యం కూడా వచ్చి పూడిస్తే గానీ ఆగలేదు. అటు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ రానంత. ఇటు మేము.

నా ఫోన్ ఆ రోజు రాత్రికి చచ్చిపోయింది. కరెంటు లేదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి పడవలు, ట్రాక్టర్లు వస్తున్నాయని, డ్రోన్లతో ఆహారం వేస్తున్నారని విన్నాం. కానీ మా లోపలి సందుల్లోకి పెద్ద పడవ తిరగదు. అప్పుడు పనికొచ్చింది కొలతల పుస్తకమే. షాపు మునిగేముందు మిషన్లు ఎత్తలేకపోయాం, పుస్తకాలు మాత్రం పైకి తెచ్చాను. కుడి పేజీల్లో ఏ ఇంట్లో ఎవరున్నారో రాసి ఉంది. ఇద్దరు డయాలసిస్ వాళ్లు, నెలలు నిండిన ఒక అమ్మాయి, మంచం పట్టిన ముగ్గురు. మా ఆయన, ఇద్దరు కుర్రాళ్లు థర్మాకోల్ షీట్లు, ఖాళీ డ్రమ్ములు కలిపి కట్టిన తెప్ప మీద ఆ జాబితా పట్టుకుని వెళ్లారు. ఆ నెలలు నిండిన అమ్మాయిని తెప్ప మీద కూర్చోబెట్టి, పీకల్లోతు నీళ్లలో నెట్టుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తెచ్చింది మా ఆయనే. ఆ రోజు వీధిలో ఆయన్ని అందరూ "కార్పొరేటర్ గారూ" అని పిలిచారు. నేను ఏమీ అనలేదు.

అందరికీ చేరలేకపోయాం. రెండో రోజు ఒక ఇంటికి పాల ప్యాకెట్లు వెళ్లలేదు. చంటిబిడ్డ ఉన్న ఇల్లు. నేను ఆ పేజీ తిప్పడం మరిచిపోయాను. బిడ్డకు ఏమీ కాలేదు. కానీ ఆ తల్లి ఇప్పుడు వేరే షాపులో కుట్టించుకుంటోంది.

నీళ్లు తీశాక అసలు పని. బురద, కంపు, బయటపడేసిన పరుపులు, ఫ్రిజ్‌లు. కింద ఇళ్లు మునిగినవాళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. ఇంటింటి లెక్క మొదలైంది. సొంత ఇళ్లవాళ్లకు పెద్దగా ఇబ్బంది రాలేదు. అద్దెకున్నవాళ్ల దగ్గర చిక్కు. పేరు వేరేచోట నమోదై ఉంటుంది, ఆధార్‌లో ఊరు వేరే. "ఇక్కడ ఉన్నట్టు రుజువేంటి?" అంటే, గుడివాడ నుంచి వచ్చి ఆటో తోలుకునేవాడు ఏం చూపిస్తాడు? నేను కొలతల పుస్తకం తీసుకెళ్లి చూపించాను. "ఈ అమ్మాయి జాకెట్ నేను 2023 సంక్రాంతికి కుట్టాను, ఇదిగో తారీఖు, ఇదిగో ఇంటి నంబరు." లెక్క రాసే అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత కొన్ని పేర్లు మళ్లీ పరిశీలనకు రాసుకుంది. కొందరికి వచ్చాయి. కొందరికి ఎన్నిసార్లు తిరిగినా రాలేదు. ఆ రానివాళ్ల పేర్ల పక్కన చిన్న సున్నా చుట్టి పెట్టాను, ఇప్పటికీ ఉన్నాయి.

మా రెండు మిషన్లు పాడయ్యాయి. ఓవర్‌లాక్ ఒకటి బాగైంది. అఫిడవిట్‌లో రాసిన మిషన్లలో అదే మిగిలింది.

2021 మార్చిలో ప్రమాణం చేసినవాళ్ల గడువు ఐదేళ్లే. మళ్లీ నిలబడతావా అని అడిగేవాళ్లున్నారు. రిజర్వేషన్ మారితే ఆయన వంతు రావచ్చు. ఆయనకు ఆశ ఉంది, పైకి అనరు. ఈ మధ్య వాల్వు ఫిట్టర్ రిటైరవుతున్నానని చెప్పడానికి వచ్చాడు. చుట్ల లెక్క ఉన్న పేజీ జెరాక్సు తీయించి కొత్త కుర్రాడికి ఇచ్చాను. కుర్రాడు ఎడమ పేజీ చూసి, "ఈ 36 ఏ వాల్వుది మేడమ్?" అన్నాడు.

మొన్న చివరి వీధి పెద్దావిడ వచ్చింది, చెయ్యి విరిగిన ఆవిడే. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి జాకెట్టు. టేపు చుట్టి కొలతలు రాసుకుంటూ, కాలువ పైన పలకలు రెండు పగిలాయని విన్నాను, అర్జీ రాస్తాను పిన్నీ అన్నాను. ఆవిడ గుడ్డ మడత నా చేతిలో పెట్టి, "ఆ సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు జాకెట్టు శుక్రవారానికి ఇస్తావా ఇవ్వవా, అది చెప్పు" అంది.